తోక తీసేసిన చుక్క

తప్పు నాదే. తోకచుక్క అనే మాటలో తోక తీసేశాను.

హుకుంపేట రోడ్డు మీద ఆటో నడిపే బాలాజీ ఒక ఉదయం నా పక్కన బండి ఆపి, "ఇంత పొద్దున్నే యెటు మేస్టారూ?" అని అడిగాడు. ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పినవాణ్ని. తిన్నగా జవాబివ్వడం ఏనాడో మరిచిపోయాను. కొండ మీది జీలుగు చెట్ల వైపు చెయ్యి చూపించి, "ఒక్క చుక్క కోసమయ్యా" అన్నాను. కవిత్వంలా వచ్చిందని కొండెక్కే దాకా మురిసిపోయాను కూడా.

ఆ చెట్ల నుంచి యర్రయ్య కల్లు దించుతాడు. మా వైపు జీలుగు కల్లు పొద్దున్నే తాగుతారు. భార్య పోయి ఏడాది కావస్తున్న మనిషి, రోజూ తెల్లారగానే అటు నడుస్తూ చుక్క కోసం అంటే, బాలాజీ ఏ చుక్క అనుకోవాలి?

అసలు సంగతి ఏమిటంటే, మా ఊళ్లో ఫోనుకు సిగ్నల్ ఆ చెట్ల కింద తప్ప ఎక్కడా నిలవదు. భూమికి పదిహేను లక్షల కిలోమీటర్ల దూరాన, ముప్పై ఏళ్లుగా సూర్యుణ్నే చూస్తూ సోహో అనే టెలిస్కోపు ఉంది. అది తీసే ఫోటోలు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. సూర్యుడి మీదికి పోయి పడే చిన్న తోకచుక్కలు వాటిలో నలకల్లా కనబడతాయి. ముందుగా కనిపెట్టి చెప్పినవారి పేరు జాబితాలో రాస్తారు. ఇప్పటికి ఐదు వేల పైచిలుకు దొరికాయి. చాలా వరకు నాలాంటి పనిలేనివాళ్లు పట్టినవే. నావి మాత్రం సున్నా.

నా భార్య సుజానా పోయాక ఉదయాలు మరీ పొడుగైపోయాయి. ఏదో ఒకటి వెతుక్కోకపోతే గడవదు. పైగా ఆ కొండ నన్ను బాగానే చూసుకుంది. నేను కూర్చునే రాయి మంచుకు తడిసి ఉంటుందని యర్రయ్య అడగకుండానే రెండు ఎండు అడ్డాకులు పరిచి ఉంచేవాడు. ఆ ఆకుల కోసమైనా వెళ్లాలనిపించేది.

ఆ వచ్చే ఆదివారం సుజానా జ్ఞాపకార్థ కూడిక. అందులో బైబిలు వాక్యం నేను చదవడానికి సంఘం వాళ్లు ముందే ఒప్పుకున్నారు. నేను చదివితే నోట్సు చెప్పినట్టుంటుందని ఆమె పెళ్లయిన కొత్త నుంచీ ఏడిపించేది. ఈ ఒక్కసారైనా మనిషిలా చదవాలి. అందుకని నెల రోజులుగా కొండెక్కుతూ, దిగుతూ, పైకే చదివి సాధన చేస్తూ వచ్చాను. ఒంటరిగా గొణుక్కుంటూ, రాళ్ల మీద తూలుతూ దిగే మనిషిని చూసినవాళ్లకు ఇంకా ఏమైనా అనుమానం మిగిలి ఉంటే, అది అలా తీరిపోయింది.

గురువారం సాయంత్రం సంఘ పెద్ద మోసెస్ గారు మా ఇంటికి వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు. వంటింటి మూలలు చూశారు, నీళ్ల గ్లాసు ఎత్తి వాసన చూసి మరీ తాగారు.

"ఆదివారం వాక్యం మా అమ్మాయి షాలోమ్ సదువుద్ది లెండి. మీరు కూకోండి" అన్నారు.

"అదేమిటండీ? ఎందుకూ?"

"ఎందుకో మీకే తెల్సు" అని చెప్పులేసుకున్నారు.

నాకు తెలియదు. నా చదివే తీరు సుజానా ఆయనతో కూడా చెప్పి ఉంటుందనుకుని ఆ రాత్రంతా కుమిలిపోయాను.

తెల్లారి మామూలుగానే కొండ మీద రాతి మీద ఉన్నాను. మంచులోంచి మోసెస్ గారు, ఆయన వెనక సుజానా చెల్లెలు లిదియా ఆయాసపడుతూ పైకొచ్చారు. లిదియా కాఫీ గింజలు ఏరే పనికి వెళ్తుంది. ఆ రోజు కూలి మానుకుని వచ్చిందంటే సంగతి పెద్దదే.

"దొరికిపోనావు బావా!" అంది, నడుం మీద చేతులేసుకుని. "అక్క పోయి ఏడాదైనా నిండనేదు, సుక్కకి మరిగినావా?"

అప్పుడు అర్థమైంది. తోక సంగతి గుర్తొచ్చి నా చెవులు కాలాయి.

చెట్టు మీదున్న యర్రయ్య నాకంటే ముందే అందుకున్నాడు. "మేస్టారా? ఏ దినమూ నోట ఎట్టనేదు బాబూ. ఊరికే ఇమ్మన్నా తాగరు. ఆ ఫోనుకేసి సూసీది, ఉసూరుమనీది, దిగిపోయీది."

మోసెస్ గారు నా ఫోను అందుకున్నారు. నిర్దోషినని నిరూపించుకోవాలి గనుక తోకచుక్కేమోనని నేను పంపిన రిపోర్టులు, వచ్చిన జవాబులు అన్నీ చూపించాను. పదకొండు. పదకొండింటికీ కాదనే జవాబు.

"ఏడాది నుంచి రోజూ ఇందుకేనా ఎక్కుతున్నారు?"

"ఇందుకే."

"ఒక్కటీ దొరకనేదా?"

"లేదండి."

ఆయన ఫోను అటూ ఇటూ తిప్పి చూశారు. "తాగుడయితే పార్థన సేద్దుం మేస్టారూ. దీనికేటి సేత్తాం?"

ఈలోగా లిదియా ఫోను లాక్కుంది. "ఇదేటి, సూరీడేడీ?"

"నడిమధ్య బిళ్ల అడ్డం పెట్టారు. ఎండలో కంటికి చెయ్యి అడ్డం పెట్టుకోమూ, అలాగ. లేకపోతే ఆ వెలుగులో పక్కనున్న చిన్నవేవీ కనబడవు."

"అవును మరి. అక్కున్నన్నాళ్లూ నీకు మేమెవులం కనబడ్డాం?" అంది తలెత్తకుండానే.

యర్రయ్య ఆకులు నాకు కనబడింది ఈ ఏడాదే. మరదలు ఇంత దూరం కొండెక్కగలదని కూడా ఈ వేళే తెలిసింది.

ఆమె ఒక బొమ్మ తర్వాత ఒకటి జరిపి చూస్తూ, గోటితో ఒకచోట నొక్కింది. "ఇది మిగతావాటిలాగ నేదు బావా. నాలుగు బొమ్మల్లోనూ ఉంది. కూసింత కూసింత జరుగుతంది, సూడు."

"అది నలక."

"పుచ్చు గింజకీ మంచి గింజకీ తేడా నాకు తెలవదా? సరిగ్గా సూడు."

"ముప్పై ఏళ్లు ఫిజిక్సు చెప్పాను లిదియా" అన్నాను, చూడకుండానే. పన్నెండోసారి ‘కాదు’ అనిపించుకునే ఓపిక, అదీ ఇద్దరి ముందు, నాకు లేదు.

మోసెస్ గారు తీర్పు చెప్పారు. "ఆదివారం మీరే లేచి, ఈ కొండ మీదేటి సేత్తన్నారో సంఘానికి మీ నోటితో సెప్పండి. సంఘం నమ్మితే మీరు సదవండి. నమ్మకపోతే షాలోమ్ సదువుద్ది."

శనివారం కొండ మీద జాబితా తెరిచాను. కొత్త తోకచుక్క ఒకటి చేరింది. మేము ముగ్గురం నిలబడి వాదించుకున్న పూటే, లిదియా గోరు ఆనిన చోటే. పట్టుకున్నది ఏదో దేశంలో ఎవరో.

ఇది నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అసలే పదకొండు సున్నాల మనిషిని. పైగా చేతిలోకి వచ్చినదాన్ని నలకని కొట్టిపారేశానంటే, ఏడాదిగా అక్కడ ఏదో పని చేస్తున్నానని ఎవరు నమ్ముతారు? నమ్మకపోతే వాక్యం పోతుంది. సుజానా కోసం నేను చేయగలిగింది ఇంకేమీ మిగల్లేదు. దిగేటప్పుడు ఆ రోజు సాధన కూడా చేయలేదు.

ఆదివారం గుడి నిండింది. చుక్క గురించి విందామనే సగం మంది వచ్చారని చూపుల్లోనే తెలిసింది. బాలాజీ కిరాయి మానుకుని ముందు వరసలో కూర్చున్నాడు. లేచి నిలబడ్డాను. బాలాజీకి చెప్పిన కవిత్వం చెప్పాను. నవ్వారు. పదకొండు కాదులు చెప్పాను. ఇంకా నవ్వారు. అక్కడితో ఆపేయొచ్చు. నమ్మినట్టే ఉన్నారు.

"పన్నెండోది నిజమైనదే. అది లిదియా కనిపెట్టింది. నేను నలక అన్నాను. కనీసం చూడలేదు. చూసి ఉంటే ఆమె పేరు జాబితాలో ఉండేది" అన్నాను.

ఈసారి ఎవరూ నవ్వలేదు. మోసెస్ గారు గొంతు సవరించుకున్నారు. "సంఘం ఏటంటాది?"

తలలన్నీ ఆడవాళ్ల వైపు తిరిగాయి. లిదియా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఏడుస్తోందో, నవ్వుతోందో నాకు తెలియలేదు. కాసేపటికి కొంగు తీసింది.

"అలగే నిలబడతావేటి బావా? బేగి సదువు. అవతల వండినవన్నీ సల్లారిపోతన్నాయి."

షాలోమ్ లేచి వచ్చి, తెరిచిన పేజీ నా చేతిలో పెట్టింది.