మొలలో కత్తి

లక్ష్మణమ్మకి అక్షరమ్ముక్క రాదు. రాకపోతేనేం, గజేంద్రమోక్షం ఎత్తుకుందంటే పేటలో పిల్లగుంటలందరూ కారే ముక్కు తుడుచుకోవడం మరిచిపోయి వినాల్సిందే. హరికథ ఉందంటే చాలు అరసవల్లి దాకా నడిచెళ్లే తండ్రి దగ్గర నేర్చుకుంది. దీపాలవేళ అరుగు మీద కూచుని, చేత్తో వల అల్లుతూ నోటితో కథ అల్లేది. కొడుకు దాలయ్య ఆ అరుగు మీదే ఆ కథ వింటూ పెరిగాడు. ఇప్పుడు వాడి కూతురు, తొమ్మిదేళ్ల హేమకీ అదే కథ.

"ఎయ్యేళ్లు పోట్లాడినాదే ఏనుగు. ఏటైనాదీ? మొసలి కాలొగ్గినాదా? ఒగ్గనేదు. ఆకరికి 'నా వల్ల కాదు సామీ, నువ్వే దిక్కు' అని బలం ఒగ్గీసి పిలిసినాది. అంతే! లచ్చిందేవికైనా సెప్పకుండా పరిగెత్తుకొచ్చినాడు."

దాలయ్య సముద్రంలో పోయిన పదో రోజు సాయంత్రం కూడా ఆ కథే చెప్పింది. మరేం చేస్తుంది పాపం? పిల్ల పది రోజులుగా నోరు విప్పడం లేదు, ముద్ద మింగడం లేదు. అలవాటైన కథ వింటే కాస్త తేరుకుంటుందని ముసలిదాని ఆశ. హేమ చివరిదాకా వింది.

"మామ్మా, నాన్న పిలవనేదా?"

ఓలమ్మో, ఏమని చెప్పాలి! పిలిచాడంటే దేవుడు రాలేదని ఒప్పుకోవాలి. తండ్రి ఎలాగూ పోయాడు, పిల్లకి దేవుడైనా మిగలాలి కదా అనుకుంది లక్ష్మణమ్మ. చచ్చినవాడు వచ్చి కాదనడు కదా అనీ అనుకుంది.

"పిలవనేదమ్మా. మీ నాన్నకి తన బలం మీదే నమ్మకం."

అనేశాక నాలిక కరుచుకుంది. ఏం లాభం, అప్పటికే పిల్ల మొహం మాడిపోయింది.

మర్నాడు ఒడ్డున పిండాలు పెట్టారు. దాలయ్యకి కొడుకుల్లేరు, కూతురి చేతే నీళ్లు వదిలించమన్నారు పెద్దలు. హేమ చెంబు విసిరికొట్టింది.

"నేనొదల్ను! ఒక్కపాలి సామిని పిలిస్తే ఇంటికొచ్చీసీవోడు కదా! పిలవకుండా సచ్చిపోయినోడికి నీల్లెందుకు?"

తల్లి ఈశ్వరి లాగి చెంప మీద ఒకటిచ్చి, తనూ ఇసకలో కూలబడి ఏడ్చింది. అప్పుడు లేచాడు నూకయ్య. ఆ రోజు దాలయ్యతో ఒకే పడవలో వేటకెళ్లి, ఒక్కడే తిరిగొచ్చినవాడు. ఇన్నాళ్లూ ఎవరేం అడిగినా తల దించుకోవడమే తప్ప మాట లేదు.

"ఎవులన్నారే మీ నాన్న పిలవనేదని?"

శవం కొట్టుకొచ్చిన రోజు లక్ష్మణమ్మ చూడనే చూసింది. కాలికి వలతాడు బిగిసి ఉంది, మొలలో కత్తి మొలలోనే ఉంది. తాడు కాలికి చుట్టుకుంటే కోసుకోవడానికే వేటకెళ్లే ప్రతివాడూ ఆ కత్తి పెట్టుకుంటాడు. కొడుకు ఎందుకు కొయ్యలేదో నూకయ్యని అడగాలని రోజూ అనుకునేది, రోజూ భయపడి మానేసేది.

"వల ఏస్తన్నాం," నూకయ్య పిల్లకే చెప్తున్నాడు. "తాడు మీ నాన్న కాలికి సుట్టుకుని నీల్లల్లోకి లాగీసినాది. ఆడి ఒక సెయ్యి నేను రెండు సేతుల్తోనూ పట్టుకున్నాను. 'రెండో సేత్తో కొయ్యిరా, తాడు కొయ్యి' అని అరిసినాను. కత్తి మీద సెయ్యేసినాడు. మల్లీ తీసీసినాడు. కల్లు మూసుకుని పిలిసినాడే తల్లీ. 'నా వల్ల కాదు సామీ, నువ్వే దిక్కు' అని, నోట్లో నీల్లు నిండీదాకా పిలిసినాడు. నా సేతులు జారిపోనాయి."

ఎందుకలా చేశాడో ఒడ్డున ఎవరికీ బోధపడలేదు. లక్ష్మణమ్మకి బోధపడింది. అవి ఆమె మాటలే. ముప్పయ్యేళ్ల కిందట అన్నం ముద్దతో పాటు వాడి నోట్లో పెట్టిన మాటలు.

"పిలిసినాడా!" హేమ ఏడుస్తూనే చెంబు వెతికి తెచ్చుకుంది. తండ్రికి నీళ్లు వదిలింది. వదిలి, మామ్మ వైపు తిరిగింది. "మరి సామి ఎందుకు రానేదు?"



ఆ సాయంత్రం పేట గుంటలు ఎప్పట్లాగే అరుగు చుట్టూ చేరారు. లక్ష్మణమ్మ ఏనుగుని మడుగు దాకా తీసుకెళ్లింది, మొసలి చేత కాలు పట్టించింది, అక్కడ ఆగిపోయింది. లేచి లోపలికెళ్లి వలతాడు ముక్కొకటీ, దాలయ్య కత్తీ తెచ్చింది. తాడు తన మడమ పైన కసిగా బిగించి ముడేసింది. కత్తి హేమ చేతికిచ్చింది.

"కొయ్యి."

"సామిని పిలవొద్దేటి మామ్మా?"

"ముందు కొయ్యి. కోసినాక ఎంతసేపన్నా పిలుద్దువు గాని."

ఉప్పునీటికి తుప్పు పట్టిన కత్తి అది. రెండుసార్లు జారి మామ్మ కాలు గీసుకుంది, నెత్తురొచ్చింది. హేమ బెదిరి ఆపేయబోయింది.

"ఆపకే," అంది లక్ష్మణమ్మ. "మీ నాన్నకి నేనిది నేర్పనేదు."

గుంటలెవరూ కదల్లేదు. హేమ మళ్లీ కొయ్యడం మొదలుపెట్టింది.