మామయ్య ఫొటో చిన్నది చేసిన వారం

ఉచితంగా ఇచ్చినప్పుడు ఆ మాత్రం భరించాలని మా ఆయన ప్లామెన్, ఉచితమైతే మాత్రం మనిషి నుదుటి మీద ముద్ర కొడతారా అని మా ఆడపడుచు భర్త ల్యుద్మిల్, గిన్నెల్లో సూపు చల్లారేదాకా వాదించుకుంటూనే ఉన్నారు. బల్ల మధ్యలో కంప్యూటరు. అందులో, పోయినేడాది చనిపోయిన మా మామయ్య రంగెల్ నవ్వుతున్నారు. ఆయన నుదుటికి అడ్డంగా, ఇది నమూనా మాత్రమేనని బూడిదరంగు అక్షరాలు.

శనివారం ఆయన సంవత్సరీకం. గేటుకీ, రొట్టెల కొట్టు తలుపుకీ, బస్టాపు స్తంభానికీ ఫొటోతో కాగితం అతికించకపోతే, ఎన్ని గోధుమలు ఉడికించి పంచినా మా ఊరు దాన్ని సంవత్సరీకం అనదు. కాగితం వేసే ప్రెస్సువాళ్లు ఫొటో చిన్నదిగా, నిలువుగా ఉండాలన్నారు. ల్యుద్మిల్ తన కొత్త కెమెరాతో తీసిన ఫొటో ఇంటి గోడంత ఉంది, పైగా అడ్డంగా.

ఆ ఫొటోయే కావాలని అత్తయ్య పట్టు. మిగతా ఫొటోలన్నిట్లో మామయ్య పోలీసులు నిలబెట్టినట్టు ఉంటారు. ద్రాక్ష కోతలప్పుడు తీసిన ఈ ఒక్కదాంట్లోనే నవ్వారు. ఆయన ఆయనలాగే కనబడాలి, నవ్వుతూ కనబడాలి, ఇంకేమీ అడగను అంది. చిక్కల్లా అత్తయ్య కూడా అందులో ఉండటమే. ఆమెను పక్కకు తప్పించినా, ఆయన భుజం మీద ఆమె చెయ్యి మిగిలిపోతోంది. పోయినవాళ్ల కాగితంలో బతికున్నవాళ్ల చెయ్యి కనబడితే తర్వాతి పిలుపు వాళ్లకేనంటారు. ఇలాంటివేవీ నమ్మనని చెప్పుకునే ల్యుద్మిల్, నమ్మనుగానీ చెయ్యి మాత్రం తీసేద్దామన్నాడు.

ప్లామెన్ నెట్ నుంచి దించిన ప్రోగ్రాము ఫొటోను నిమిషంలో చిన్నది చేసింది. చేసి, నుదుటి మీద ముద్ర కొట్టి, అది పోవాలంటే డబ్బు కట్టమంది. దానితోపాటు పేకాట ఒకటి, ఎక్కడో తెలియని ఊరి వాతావరణం ఒకటి ఇంట్లోకి వచ్చాయి. మా ఆయన ఫొటో సంగతి మరిచిపోయి రాత్రి భోజనం దాకా పేకాడాడు.

ల్యుద్మిల్‌ది సిద్ధాంతం. లోకంలో మంచివాళ్లు కొందరు పైసా ఆశించకుండా రాసి అందరికీ వదిలిపెట్టిన ప్రోగ్రామే వాడాలని, మిగతావి ముట్టుకోవడం కూడా తప్పని వాదించాడు. ఆ మంచివాళ్ల గురించి చెబుతున్నంతసేపూ అతని కళ్లు చెమర్చాయి. తీరా తెరిస్తే, విమానం నడిపేవాడి ముందు ఉన్నన్ని మీటలు. చెయ్యి చెరపబోతే భుజం పోయింది. భుజం తెప్పించబోతే చెవి పోయింది.

"బావా, నీ మంచివాళ్లు నాన్నని ముక్కలు ముక్కలుగా తినేస్తున్నారు," అన్నాడు ప్లామెన్.

"నీ వాళ్లు ఆయన నుదుటి మీద కొట్టు పెట్టారుగా, దానికంటే నయమే."

అత్తయ్య మిరపకాయలు కాలుస్తూ అంతా వింటోంది. చెయ్యి ఉంచమనిగానీ, తీయమనిగానీ ఆమెను ఎవరూ అడగలేదు. నిజం చెప్పొద్దూ, నేనూ అడగలేదు.

చివరికి మా ఆడపడుచు స్నెజానా విసిగిపోయి ఆ పని తన ఫోనులోనే చేసేసింది. ఏదో సైటులోకి ఫొటో ఎక్కించింది. వాళ్ల నాన్నని ముక్కూ మొహం తెలియనివాళ్ల కంప్యూటరుకి పంపిందని మగవాళ్లిద్దరూ ఆ వారంలో మొదటిసారి ఏకమై కేకలేశారు. ఆమె లెక్కచెయ్యలేదు. సైటు అత్తయ్యనీ, ఆమె చేతినీ మాయం చేసింది. ప్రెస్సువాళ్లు చెప్పిన కొలతలు కొడితే వాటిలోకి ఫొటోను ఇమిడ్చింది. ఫోనులో గోరంత బొమ్మ బాగానే కనిపించింది. కాగితాలు ప్రెస్సు నుంచి వచ్చాక, సాయంత్రం మసకచీకట్లో స్నెజానా మొదటిది రొట్టెల కొట్టు తలుపుకి అతికించి వచ్చింది.

పొద్దున్నే మా ఇంట్లోకి వెల్కో వచ్చాడు. మామయ్యకి తమ్ముడు. రకియా అనే పళ్ల సారా కాచే బట్టీ పంపకంలో అన్నతో మాటామాటా అనుకుని, మూడిళ్ల అవతలే ఉంటూ ఏళ్ల తరబడి మా గుమ్మం తొక్కనివాడు. అంత్యక్రియలప్పుడు కూడా శ్మశానం గోడ బయటే నిలబడ్డాడు. ఇప్పుడు ఒక చేతిలో రొట్టె, ఇంకో చేతిలో తలుపు నుంచి పీకిన కాగితం.

"కొట్టామె నన్ను చూసి సిలువ గీసుకుంది," అన్నాడు. "నేనింకా ఉన్నాను, వదినా."

కాగితం బల్ల మీద పరిచాడు. వెడల్పుగా ఉన్న ఫొటోను నిలువు కొలతలోకి నొక్కేసరికి, గుమ్మడికాయలాంటి మామయ్య మొహం సాగి పొట్లకాయలా తయారైంది. అది అచ్చంగా వెల్కో మొహం. కింద మాత్రం రంగెల్ పేరు. వెల్కో ఆ కాగితం పక్కన నిలబడి ఉంటే తేడా కనిపెట్టడం నా వల్ల కూడా కాలేదు.

తప్పు కొలతలదని ప్లామెన్, సైటుదని ల్యుద్మిల్, ఇంట్లో మగవాళ్లదని స్నెజానా మొదలుపెట్టారు. ల్యుద్మిల్‌కి అప్పటికే ఇంకో ఉచిత ప్రోగ్రాము పేరు గుర్తొచ్చింది. దాన్ని దించడానికి సాయంత్రం దాకా సమయం ఇమ్మన్నాడు.

అత్తయ్య వెల్కోకి కుర్చీ జరిపింది. అతను కూర్చున్నాడు. ఆమె కాగితంలోని మొహాన్నీ, ఎదురుగా ఉన్న మొహాన్నీ చాలాసేపు చూసింది.

"కోతల నాటి ఫొటో నీ దగ్గర ఉందా, వెల్కో?" అని అడిగింది.

ల్యుద్మిల్ అప్పట్లో అందరికీ తలా ఒకటి కడిగించి ఇచ్చాడు. తనకూ అన్న ఒకటి పంపాడని, గోడకి పెట్టుకున్నానని వెల్కో తలవంచుకుని చెప్పాడు. మామయ్య అలా పంపారని అప్పటిదాకా మాలో ఎవరికీ తెలియదు.

అత్తయ్య చేతులు తుడుచుకుంది. గొంతు పెంచలేదు. కంప్యూటరు దగ్గరున్న ఇద్దరూ వినబడక అటు తిరగాల్సి వచ్చింది.

"వెల్కో ఫొటో పట్టుకుని ప్రెస్సుకి నేనే వెళ్తాను. కాగితాన్ని అడ్డంగా వెయ్యమంటాను. అందులో ఆయనా నేనూ ఇద్దరమూ ఉంటాం, కత్తిరించేది లేదు. వెల్కో తీసుకెళ్లి అతికిస్తాడు. శనివారం భోజనానికి కూడా వస్తున్నాడు."