పై వీధి పిల్లలు

రెండువేల పదిహేడు, ఆగస్టు పదిహేను. మరియమ్మ పండుగ, మా వియ్యపురాలు నస్తాసియా ఊళ్ళో జాతర కూడా ఆ రోజే. ఆవిడ ద్రాక్షపందిరి కింద బల్లలు వేయించి, క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి వండిన సర్మలె, మొక్కజొన్న సంకటి, పుల్లమీగడ వడ్డించింది. మూడు చుట్టలు తిన్నాను. నాలుగోది నోటిదాకా పోలేదు.

కారణం నా మనవరాలు మిరూనా. ఐదు నెలల పిల్ల. జాతరకు వచ్చినవాళ్ళంతా పసిబిడ్డను ఎత్తుకోవాలి. మురిసిపోయాక దిష్టి తగలకుండా ముఖం మీద మూడుసార్లు ‘త్యూ, త్యూ, త్యూ’ అనాలి. అనకపోతే తప్పు వాళ్ళది, ఎత్తుకోనివ్వకపోతే తప్పు మనది. పిల్ల ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు చేతులు మారుతోంది.

ఆ ఏడు రొమేనియా అంతటా తట్టు తిరుగుతోంది. జిల్లా ఆరోగ్య కార్యాలయంలో నా పని, ఎంతమందికి టీకా పడితే ఆ రోగం ఎక్కడ ఆగుతుందో లెక్కగట్టడం. ఎవరికీ రక్షణ లేని చోట తట్టు ఒక్కరి నుంచి పదిహేనుమందికైనా అంటుకుంటుంది. నూటికి తొంభై అయిదుమందికి టీకా పడిందంటే దానికి దారి దొరకదు. టీకా వయసు రాని మిరూనా లాంటివాళ్ళు ఆ తొంభై అయిదుమంది చాటున బతికిపోతారు. ఈ ఊరికి నా లెక్కలో తొంభై ఆరు వచ్చింది. ఆ ధైర్యంతోనే మా అమ్మాయి ఒతీలియాతో, పిల్లను తీసుకెళ్దాం పద అన్నాను.

"ఏంటన్నయ్యగారూ, సర్మలెని కూడా లెక్కగడుతున్నారా? తినేది అది!" అంది నస్తాసియా.

"తింటానమ్మా. ఊళ్ళో ఇంతమంది ఉన్నారు, బడికెళ్ళే పిల్లలు కనబడరేం?"

"వాళ్ళెక్కడున్నారు? పై వీధి పిల్లలంతా ఇటలీలో, అమ్మానాన్నల దగ్గరే."

"టీకాల పట్టికలో వాళ్ళ పేర్లు ఇక్కడే ఉన్నాయే?"

"పేర్లకేం, అన్నం పెట్టాలా నీళ్ళు పోయాలా, ఉంటాయి. డాక్టరమ్మ పేరు కూడా బోర్డు మీద అట్టాగే ఉంది. ఆవిడా ఇటలీ పోయి రెండేళ్ళు దాటింది."

టీకా పడిన పిల్లలు ఎక్కడో ఇటలీ పట్నం తూరిన్‌లో ఉన్నారు. నేను వాళ్ళను ఈ ఊరికి కాపలా పెట్టాను. ఇక్కడ మిగిలింది డాక్టరమ్మ వెళ్ళిపోయాక పుట్టినవాళ్ళు.

లేచాను, కూర్చున్నాను, మళ్ళీ లేచాను. కార్యాలయానికి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. సెలవు. ఇంతలో మిరూనా చివరి బల్ల దగ్గరికి చేరుతోంది. అక్కడ పొరుగింటి పరాస్కివ కూర్చుని ఉంది. ఆమె ఒళ్ళో ఏడాదిన్నర కూతురు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ముక్కు కారుతోంది, పొడిదగ్గు. ఒంటి మీద తట్టు తేలకముందు కనబడేవి ఇవే.

"పాపకి ఒంట్లో బాగాలేదా అమ్మా?"

"వేడి చేసిందండీ. ఎండలో ఒకటే ఆట."

"తట్టు టీకా పడిందా?"

"వేసేవాళ్ళేరీ?" అని ఆమె చేతులు చాచింది. "ఏదీ, ఆ బంగారాన్ని ఇట్టా ఇవ్వండి!"

"వద్దు!" అని అడ్డం నిలబడ్డాను. గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. బల్లల దగ్గరివాళ్ళంతా ఇటు తిరిగారు.

"ఏం, పట్నం పిల్ల మా చేతుల్లో మాసిపోద్దా?" అంది పరాస్కివ. ముఖం కందిపోయింది.

"నాన్నా!" అంది ఒతీలియా, సిగ్గుతో.

సమీకరణాలు తెలుసు కానీ, నీ బిడ్డ వల్ల నా బిడ్డకు ప్రమాదమని ఒక తల్లితో ఎలా చెప్పాలో తెలియలేదు. నస్తాసియా గిన్నె దింపింది. నా ముఖం చూసింది, పరాస్కివ కూతురి కళ్ళు చూసింది. మిరూనాను లాగి తన గుండెలకు హత్తుకుంది.

"అయ్యో నా తల్లే! ఇంతమంది కళ్ళు పడ్డాక దిష్టి కొట్టకుండా ఉంటదా? పరాస్కివా, నీ పిల్లకీ కొట్టింది, ఆ కళ్ళు చూడు! ఇద్దర్నీ ఇంకెవరూ ముట్టకూడదు. నీ చిట్టితల్లిని ఇంటికి తీసుకుపోయి చీకటి గదిలో పడుకోబెట్టు. సర్మలె గుమ్మం దాకా నేనే తెస్తా. రేపు అన్నయ్యగారు డాక్టర్ని పిలిపిస్తారు."

"నాకూ అట్టాగే అనిపించింది అత్తా," అంటూ పరాస్కివ లేచింది. ఎవరి ముఖమూ చిన్నబోలేదు.

నన్ను దాటిపోతూ నస్తాసియా గొణిగింది. "డాక్టర్ని తేకపోయారో, ఈసారి దిష్టి మీకే."

మళ్ళీ మళ్ళీ ఫోన్ చేయగా చివరికి ఒకరు పలికారు. పొద్దున్నే టీకాల బండితో డాక్టరు వస్తారన్నారు. ఆ టీకా ఊరి పిల్లలకు. మిరూనాకు ఇంకా వయసు రాలేదు. ఆరుబయట గాలి ఆడింది, అంతవరకు మేలు. కానీ అంతకుముందు ఎత్తుకున్నవాళ్ళ ఇళ్ళల్లో ఎవరు దగ్గుతున్నారో! తెలియడానికి రెండు వారాలైనా పడుతుంది.

పొద్దు వాలింది. ఒతీలియా పిల్లను నిద్రపుచ్చింది. నేను మంచం చుట్టూ తిరుగుతూనే ఉన్నాను.

"కూర్చో నాన్నా, నేల అరిగిపోతుంది."

వాకిట్లో ఇంకా చుట్టాలు దిగుతున్నారు, ఎవరో పాట ఎత్తుకున్నారు. నస్తాసియా గది దాకా వచ్చింది. పొద్దుటి నుంచి అందరి చేతులూ పట్టుకున్న మనిషి, గుమ్మం దాటలేదు. అక్కడి నుంచే మనవరాలిని కాసేపు చూసుకుని, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి లాగి మూసింది.