ఆయన పేరు మీద కొట్టుకున్న గుండె

మిమ్మల్నే అంటున్నాను. ఆ మనిషిని వేదిక ఎక్కించి, "ఆరోగ్యం, ఉద్యోగం, కుటుంబం, మూడింటినీ ఒంటిచేత్తో మోస్తున్న తండ్రి" అని చప్పట్లు కొట్టిన ఆఫీసు వాళ్ళని. కొడుకు ఒక్క గ్లాసు కడిగితే నలుగురికి ఫోన్లు చేసి చెప్పుకునే తల్లులని. కూతుర్ని భుజానికెత్తుకున్న మగవాణ్ణి చూసి, పక్కనే సంచులు మోస్తున్న పెళ్ళాంతో "ఎంత అదృష్టవంతురాలివమ్మా" అనే ఇరుగుపొరుగు వాళ్ళని. ఆ ఒంటిచెయ్యి ఎవరిదో ఎప్పుడైనా చూశారా? చూసుంటే దానికున్న గడియారం కనపడేది.

అది ఆఫీసు ఇచ్చిన గడియారం. వేసిన అడుగులు లెక్కపెడుతుంది, గుండె కొట్టుకునే తీరు గమనిస్తుంది, రెండు సంగతులూ ఆఫీసు డాక్టరుకి చేరవేస్తుంది. ఎక్కువ నడిచినవాడికి అందరి ముందూ మెప్పు. ఆయనకి మెప్పంటే ఆశ, కుర్చీ అంటే ప్రాణం. ఒక వానపొద్దున కిటికీలోంచి బయటికి చూసి, గడియారం విప్పి, పొయ్యి దగ్గరున్న భార్య మణికట్టుకి చుట్టాడు.

"నువ్వెలాగూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంటావుగా. ఊరికే పోయే అడుగులు, నా ఖాతాలో పడనీ."

ఆమె నవ్వింది. తడిచెయ్యి తుడుచుకుని మరీ అందించింది. వాన వెలిసింది గానీ అలవాటు వెలవలేదు. ఆఫీసులో నలుగురి ముందూ గడియారం ఆయన చేతికి ఉండేది. పొద్దున లేచింది మొదలు ఆయన బయల్దేరేదాకా, మళ్ళీ సాయంత్రం ఇంటికొచ్చింది మొదలు ఆమె చేతికి. గిన్నెలు, తుడుపు, పిల్ల వెనక పరుగు, మేడ మీద ఆరేసిన బట్టలు, అత్తగారి వేడినీళ్ళు. ఒకరోజు ఆయన ఒంట్లో నలతగా ఉందని సెలవు పెట్టి పడుకుని, "ఇవాళ దుకాణానికి కూడా పెట్టుకెళ్ళు" అన్నాడు. ఆమె పనిచేసేది బట్టల దుకాణంలో. నిచ్చెనెక్కి తానులు దించడం, కొనేవాళ్ళు వద్దంటే మళ్ళీ ఎక్కించడం. కూర్చోడానికి బల్ల ఉంది గానీ అది కొనేవాళ్ళకి. ఆ రోజు ఆయన అడుగుల్లో ఆఫీసుకే మొదటివాడయ్యాడు, మంచం దిగకుండా.

ఆయన్ని వేదిక ఎక్కించిన సభ రోజున ఆమె చివరి వరసలో పిల్లని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. "మీ రహస్యం ఏంటి సార్?" అని ఎవరో అడిగారు. "క్రమశిక్షణ" అన్నాడాయన. "పొద్దున్నే లేస్తాను. నడుస్తాను. మా పాపకి బూట్లు నేనే తొడుగుతాను." చప్పట్లు. బూట్లు తొడిగేది నిజమే. ఆ బూట్లు వెతికి, తుడిచి, మేజోళ్ళ జత కలిపి, పిల్లని పట్టుకొచ్చి ఆయన మోకాళ్ళ ముందు నిలబెట్టేది ఆమె. ఆమెకి కడుపు మండింది. మొగుడు పరాయిదాన్ని చూశాడని కుళ్ళుకునే ఆడదానికి ఓదార్చేవాళ్ళు దొరుకుతారు. మొగుణ్ణే చూసి కుళ్ళుకునేదానికి ఎవరు దొరుకుతారు? పక్క కుర్చీలో ఆవిడ మోచేత్తో పొడిచి, "మా ఆయన్ని మీవారి దగ్గర ట్యూషన్‌కి పంపిస్తానండీ" అంది. "పంపండి, నేనే చెప్తాను" అంది ఆమె. ఆవిడ పగలబడి నవ్వింది. ఆమె నవ్వలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే డాక్టరు నుంచి ఫోను వచ్చింది. "మీ గుండె లయ తప్పుతోంది. ఆలస్యం చెయ్యకుండా వచ్చి కలవండి" అని. అప్పటిదాకా అన్నం కలుపుతున్న ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

ఇల్లు ఇల్లంతా మారిపోయింది. అత్తగారు కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని, "నా తండ్రే, ఎంత చిక్కిపోయావురా" అని నిమిరింది. ఆడపడుచు పూటకోసారి ఫోను చేసి ఏడ్చింది. టీవీ నోరు మూశారు. పిల్ల మునివేళ్ళ మీద నడిచింది. ఆఫీసు వాళ్ళు పళ్ళబుట్ట పంపించి, "పనేం కంగారు లేదు, విశ్రాంతి తీసుకోండి" అన్నారు. "నువ్వేదో అనుంటావు. వాడు మనసులో పెట్టుకునుంటాడు" అని అత్తగారు కోడలి వైపు చూసింది. ఆమెకి భయం వేసింది. మనిషికి ఏమైనా అయితే ఎలాగని నిజంగానే కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళ కిందే ఇంకోటి కుతకుతలాడింది. సిగ్గు లేకుండా చెప్పాలంటే, అసూయ. జబ్బు మీద అసూయ. అలా పడుకోవాలి. అలా ఎవరైనా నుదురు నిమరాలి. ఆమెకి మేడమెట్లెక్కుతుంటే ఎన్నాళ్ళుగానో ఆయాసం, ఒక్కోసారి కళ్ళ ముందు చీకట్లు. చెప్పకపోలేదు. "మా కోడలు బండ. బండకి ఆయాసమేంటమ్మా" అని అత్తగారు నవ్వింది. "కాస్త ఒళ్ళు తగ్గించు" అన్నాడాయన, ఆమె వడ్డించింది తింటూ. నిచ్చెన మీద తూలిపడబోతే దుకాణం మేనేజరు, "ఆ నీరసం ఇంట్లో పెట్టి రా తల్లీ, తానులు పాడవుతాయి" అన్నాడు.

డాక్టరు గదిలో ఆయన పక్కన ఆమె నిలబడింది. అక్కడా కుర్చీ ఒకటే. డాక్టరు తెర మీది గీతలు చూస్తూ అన్నాడు.

"విచిత్రం చూశారా, ఆఫీసులో ఉన్నంతసేపూ మీ గుండె గడియారంలా ఉంది. పొద్దున్నా సాయంత్రం, ఇంట్లో ఉన్నప్పుడే గాడి తప్పుతోంది." తర్వాత ఆమె వైపు తిరిగాడు. "చూడమ్మా, ఆయన్ని ఇంట్లో కాస్త ప్రశాంతంగా ఉండనివ్వండి."

పొద్దున్నా సాయంత్రం ఆ గడియారం ఎవరి చేతికి ఉండేదో ఆ గదిలో ఇద్దరికి తెలుసు. ఆమె ఆయన్ని చూసింది. ఆయన నేలని చూశాడు.

ఆయన్ని మంచం మీద పడుకోబెట్టి, ఛాతీకి తీగలు అంటించి పరీక్ష చేశారు. ఏ లోటూ లేదు. "గుర్రంలా ఉన్నారు. గడియారమే చెడిపోయుంటుంది, మార్పించుకోండి" అన్నాడు డాక్టరు.

బయట వరండాలోకి రాగానే ఆయన గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. "హమ్మయ్య, నాది కాదు" అన్నాడు.

"మరి ఎవరిదండీ?" అంది ఆమె.

ఆయన గతుక్కుమన్నాడు. "నీకేంటి, గుండ్రాయిలా ఉంటేనూ."

"గీతలు చూశారుగా. ఎవరిది?"

"మెల్లిగా మాట్లాడు." ఆయన అటూ ఇటూ చూశాడు. "ఇప్పుడు లోపలికెళ్ళి చెప్పామనుకో, నలుగురిలో నా మొహం ఎక్కడ పెట్టుకోను? ప్రమోషన్ మాట నడుస్తోంది. నీకు ఇంకెక్కడైనా చూపిద్దాంలే."

"ఎప్పుడు?"

"పిల్ల పరీక్షలు అయిపోనీ. అమ్మ కంటి ఆపరేషన్ కూడా ఉంది కదా."

మంచివాడే పాపం. గొంతులో ప్రేమ కూడా ఉంది. ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చేతి బరువు కింద నిలబడి ఆమె ఇన్నాళ్ళ కుళ్ళంతా మళ్ళీ తవ్వుకుంది. పళ్ళబుట్ట ఎవరి గుండెకి వచ్చింది? ఆడపడుచు ఎవరి గుండె కోసం ఏడ్చింది? టీవీ నోరు మూసింది ఎవరి కోసం? అన్నీ తన గుండె కోసమే, అది ఆయనది అనుకున్నారు గనక. ఆ మర్యాదంతా జరిగింది తన గుండెకే. ఇన్నాళ్ళూ ఆమె తన గుండెని చూసి తానే ఏడ్చి చచ్చింది. ఇప్పుడది ఆయనది కాదని తేలగానే, పిల్ల పరీక్షల వెనక్కి, అత్తగారి కంటి వెనక్కి వెళ్ళి వరసలో నిలబడాలిట.

ఆమె భుజం మీది చెయ్యి తీసేసింది. తలుపు కొట్టకుండా లోపలికి వెళ్ళి, ఆయన లేచిన మంచం మీద పడుకుంది.

"ఏంటమ్మా ఇది?" డాక్టరు లేచి నిలబడ్డాడు.

"గడియారం చెడిపోలేదండీ. ఈయన అడుగులన్నీ నేనే నడిచాను. పొద్దున్నా సాయంత్రం అది నా చేతికే ఉండేది. గాడి తప్పింది నా గుండె."

వెనకే గుమ్మంలోకి వచ్చిన ఆయన నవ్వబోయాడు. "ఏదో తమాషాకి అంటోంది సార్..."

డాక్టరు తెర వంక చూశాడు, ఆమె వంక చూశాడు, చివరికి ఆయన వంక చూశాడు. డాక్టరు గొంతు సవరించుకున్నాడు.

"అలాగైతే చూడాల్సిందే. కానీ ఇక్కడ ఉద్యోగులకే చూస్తామమ్మా. బయట పేరు రాయించుకుని రేపు..."

"ఉద్యోగి గుండె అనుకున్నప్పుడు ఆలస్యం చెయ్యకుండా రమ్మన్నారు. గుండె అదే. రేపు కాదు. ఆయన్ని వెళ్ళి పిల్లని బడి నుంచి తీసుకురమ్మనండి. మీరు ఆ తీగలు ఇటు తెచ్చి నాకు పెట్టండి. ఇప్పుడే పెట్టండి."