బుడంకాయ రెండో చెంప

యుద్ధంలో తాత తుపాకీ పట్టలేదు, కత్తి పట్టాడు. గడ్డాలు గీసే కత్తి. తను గీసిన గడ్డాలన్నీ కుప్ప పోస్తే శత్రువుకి దారే కనపడేది కాదని ఆయనే చెప్పుకునేవాడు. ఇప్పుడు చెయ్యి వణుకుతోందని సెలూను మనవరాలికి అప్పగించాడు. కుర్చీ, అద్దం, కత్తెర్లు బాగానే చేతికొచ్చాయి. యుద్ధం కథే చిక్కుపడి వచ్చింది.

దండులో తాతకి ప్రాణస్నేహితుడొకడు ఉండేవాడు. పొట్టిగా, గుండ్రంగా ఉంటాడని అందరూ బుడంకాయ అనేవాళ్ళు. తాత అతనికి ఒక చెంప గీసి, రెండో చెంపకి నురగ పూస్తుండగా నెత్తిమీదికి విమానాలొచ్చాయి. సగం గడ్డంతో వాడు, కత్తి నోట కరుచుకుని తాత, ఇద్దరూ నదిలో దూకారు. ఇంతవరకూ పేచీ లేదు.

తిరకాసంతా ఆ తర్వాతే. బుడంకాయ ఒడ్డెక్కి, "రెండో చెంప మీ బాబు గీస్తాడ్రా?" అని తిట్టాడని మనవరాలు విన్నది. వాణ్ణి నది మింగేసిందని ఆమె అన్నయ్య విన్నాడు.

మొన్న మనవరాలిని ఆమె కూతురు నిలదీసింది. "అమ్మా, మామయ్యేమో చచ్చిపోయాడంటాడు. నువ్వేమో బతికాడంటావు. రేపు నేను ఎవరికైనా చెప్పాలంటే ఏది చెప్పను?"

ఆలోచించగా ఆలోచించగా మనవరాలికి ఒకటి తట్టింది. తాత చేతిలో పనిని బట్టి కథ నడిపేవాడు. చిన్నప్పుడు ఆమెకి జుట్టు చివర్లు కత్తిరిస్తే చాలు, అందుకే బుడంకాయ చటుక్కున ఒడ్డెక్కేవాడు. అన్నయ్యది పొదలాంటి జుట్టు. అది తెమిలేలోపు నది పొంగాల్సిందే. రంగు వేయించుకునేవాళ్ళకైతే, అది ఆరేదాకా బుడంకాయ శత్రువుకి చిక్కేవాడు. ఆ సగం గడ్డం చూసి వాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతుంటే మెల్లగా జారుకునేవాడు. ఇంతకీ నిజమేదో ఆమెకి అంతుపట్టలేదు.

ఆ రోజు తాతనే కుర్చీలో కూర్చోబెట్టి, నురగ పూసి, ఒక చెంప గీసింది.

"తాతా, బుడంకాయ దాటాడా లేదా?"

"దాటాడు."

"మరి అన్నయ్యకి పోయాడని చెప్పావుగా?"

"పోయాడు."

"కత్తి నా చేతిలో ఉంది తాతా, సరిగ్గా చెప్పు!"

తాత నవ్వబోయి, నురగ నోట్లోకి పోతే ఉమ్మేశాడు. "నేను ఒడ్డెక్కి వెనక్కి తిరిగి చూశానే. నీళ్ళ నిండా తలకాయలు. పొడిగా ఉంటే ఏ తల ఎవడిదో వెనకనుంచే చెప్పేవాణ్ణి. తడిశాక అన్నీ ఒకటే. కొన్ని ఒడ్డెక్కాయి, కొన్ని ఎక్కలేదు."

"తర్వాత వెతకలేదా ముత్తాతా?" అంది కూతురు, కుర్చీ చెయ్యి పట్టుకుని.

"వెతకలేదా తల్లీ! ఒకడు చూశానన్నాడు, ఒకడు ఇక లేడన్నాడు. నేను ఇద్దరి మాటా నమ్మాను."

"అదెలా కుదురుతుంది?"

"నాకూ తెలీదమ్మా."

కూతురు ఇటు తిరిగింది. "అయితే నేనేం చెప్పాలమ్మా?"

 చేతులు ఊరుకోక తల్లి, తాత రెండో చెంప మీద కత్తి పెట్టింది. నోరు దానంతటదే మొదలెట్టింది. విమానాలొచ్చాయి, ఇద్దరూ పరిగెత్తారు, నదిలో దూకారు. అక్కడ మాట ఆగింది. దాంతోపాటు చెయ్యీ ఆగింది.

"ఊఁ," అన్నాడు తాత, కళ్ళు మూసుకుని, ఎప్పుడూ వినని కథలాగా.

"ఊఁ," అంది కూతురు.

వాళ్ళిద్దరూ ఊఁ కొడుతూనే ఉన్నారు. బుడంకాయని ఎటు ఈదించాలో ఆమెకి పాలుపోలేదు.