నమలని ఆకువక్క

"సభకు ఇంటికొకరు చాలంట. నేను పోతాండా గదా, మళ్లీ నువ్వేంటికి?" మొగుడు కదిరప్ప అన్నమాటే అంటున్నాడు.

అక్కమ్మ తలెత్తలేదు. గొర్రెపిల్ల కాలిలో విరిగిన ముల్లును పిన్నీసుతో తీస్తోంది. "వంకలో జీవాల ఎనక తిరిగేది నేను. మాట్లాడేది నువ్వా?"

"ఆడోళ్లకు కుర్చీలు గూడా ఏసుండరు."

"ఇన్నేండ్లూ కూచోనే మేపినానా?"

పొయ్యి దగ్గర కోడలు పుష్పావతి నవ్వు దాచుకుంది. కొడుకు రామాంజి తల్లి చెప్పుకు తెగిన పట్టీని తీగతో కట్టి ఆమె ముందు పెట్టాడు.

ధర్మవరం అద్దకం షెడ్ల రంగునీళ్లను శుద్ధి చేసే మడుగులు ఊరి వంక బీడులో తవ్వుతారట. ఊరి అభిప్రాయం అడగడానికి ఈరోజు సభ. అక్కమ్మ కాపురానికి వచ్చినప్పటి నుంచి పొద్దున లేస్తే ఆ బీడుకే పోయింది. రామాంజిని కన్న నొప్పులు అక్కడే మొదలయ్యాయి. కర్ర మోసి మోసి ఎడమ భుజం కాయ కాచింది. మడమలు బీడు నేలలాగే పగిలాయి.

బీడు అంచునే షామియానా వేశారు. ముందు వరుసల్లో ఇస్త్రీ చొక్కాలు. సగం మొహాలు ఊరివి కావు. ఆడవాళ్లకు జనరేటర్ పక్కన టార్పాలిన్ పరిచారు. దారిలో హనుమంతరాయుడు నిలబడి వచ్చిన వాళ్ల చేతుల్లో ఆకువక్క పెడుతున్నాడు. ఊళ్లో గొర్రెల బేరాలన్నీ అతని చేతి మీదుగానే తెగుతాయి.

"రాక్కా, రా."

పెద్దమనిషి ఇస్తుంటే చేయి చాచడం అలవాటు. అక్కమ్మ తీసుకుని కొంగున ముడేసుకుంది. కదిరప్ప అప్పటికే నములుతున్నాడు.

ఆఫీసరు తెర మీద బొమ్మలు చూపిస్తూ చాలాసేపు మాట్లాడాడు. జనరేటర్ మోతలో టార్పాలిన్ దాకా ఒక్క ముక్క రాలేదు. అక్కమ్మ లేచి చెయ్యెత్తింది. చెయ్యి నొప్పి పుట్టాక మైకు వచ్చింది, హనుమంతరాయుడి చేతిలో.

"ఆ బీడు మా జీవాలకు..."

అతను మైకుకు అరచెయ్యి అడ్డం పెట్టాడు. "అక్కా, ఆకువక్క తీసుకుంటివి గదా. తీసుకున్నాక మాట మారేది మనలో యాడన్నా ఉండాదా?"

ముందు వరుసలో ఎవరో నవ్వారు. గొర్రెల బేరంలో ఆకువక్క పట్టారంటే మాటిచ్చినట్టే; పట్టాక పక్కవాడు ఎక్కువిస్తానన్నా అక్కమ్మ ఏనాడూ బేరం తిప్పలేదు. నమలకముందైతే తిప్పి ఇవ్వచ్చు. కానీ అలా ఇచ్చిన ఇంటి జీవాలను ఆ తర్వాత ఎవరూ కొనరు.

ఆమె కూర్చుంది.

ఊరంతా ఒప్పుకున్నట్టేనని మైకులో చెప్పారు. ముందు వరుసల చేత చేతులెత్తించి ఫోటో తీశారు. బిర్యానీ పొట్లాలు వచ్చాయి. తిన్నవాళ్లు ఎముకలు అక్కడే విసిరి, మళ్లీ ఆకులు నమిలి, గడ్డి మీద ఎర్రగా ఉమ్మారు. కదిరప్ప కూడా ఉమ్మాడు. పొద్దున ముల్లు తీసిన పిల్ల రేపు మేసే గడ్డి అది. అక్కమ్మ పొట్లం ముట్టకుండా లేచి వచ్చేసింది. దారి పొడుగునా కొంగు ముడి ఒంటికి తగిలినప్పుడల్లా ఏదో చచ్చినదాన్ని మోస్తున్నట్టు రోత పుట్టింది.

సాయంత్రం జీవాలను దొడ్లోకి తోలి, అందరూ సంగటి ముందు కూర్చున్నాక నెమ్మదిగా చెప్పింది.

"తెల్లారి ఆ హనుమంతరాయుడి అరుగు మీద ఆకువక్క పెట్టేసొస్తా."

కదిరప్ప చేతిలో ముద్ద ఆగిపోయింది. "తిప్పిస్తే మన జీవాన్ని ఇంగెవురన్నా పట్టుకుంటారా?"

"పట్టుకోరు."

"మళ్లెట్ల బతికేది?"

"తెల్దు. నువ్వు నమిలేస్తివి, నీ మాట ఆడనే పాయ. నాది ఇంగా ఉండాది. పెట్టేసినాక మాట్లాడతా, యాడ మైకుంటే ఆడ."

పుష్పావతి ఎంగిలి చెయ్యి కడుక్కుని, ఒక గుడ్డ తడిపి తెచ్చి అత్త ముందు పెట్టింది. అక్కమ్మ కొంగు విప్పింది.

నీళ్లకడవ పక్కన, తడిగుడ్డ మడతలో, వాడిపోకుండా రెండు తమలపాకులు, ఒక వక్క.