పేర్లు పడేటప్పుడు

“వేళ్ళు జాగ్రత్త” అంటూ లిఫ్టక్క మడత గ్రిల్లును రెండు చేతులతో లాగి, కొక్కెం పడిన చప్పుడు విన్నాకే పిడిని పైకి తిప్పింది. లిఫ్టు ఓసారి ఒళ్ళు విరుచుకుని, గొంతు సవరించుకుని బయలుదేరింది. అయిదుగురు పట్టే చోట ఏడుగురు ఎక్కారు. ఎవరిదో మోచెయ్యి ఆమె వీపుకు తగులుతోంది, ఎవరిదో సంచీ మోకాలికి ఒరుసుకుంటోంది. ఆమె ఎత్తు స్టూలు మీద సగం కూర్చుని సగం నిలబడి, గ్రిల్లు అవతల కిందికి జారిపోతున్న సిమెంటు గోడను చూస్తోంది. గోడ, తర్వాత అంతస్తు, మళ్ళీ గోడ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమెకు కనిపించే లోకం అంతే.

అది పాత భవనం. కింద బ్యాంకు, ఆపైన పళ్ళ డాక్టరు, ఆపైన ప్లీడర్ల గదులు, అన్నిటికీ పైన భవనం మేనేజరు ఆఫీసు. లిఫ్టు నడిపే పిడి ఇనుపది కాబట్టి దాని చుట్టూ ఆమె ఒక పాత గుడ్డ చుట్టుకుంది. అయినా కుడి అరచెయ్యి గట్టిపడిపోయింది. గ్రిల్లు లాగీ లాగీ కుడి భుజం ఎడమదాని కంటే కాస్త కిందికి దిగింది. ఆమె వేసుకునే నీలం కోటు జేబు మీద ఎర్ర దారంతో పేరు కుట్టి ఉంది. అయితే ఎక్కినవాళ్ళందరికీ ఆమె వీపే కనిపిస్తుంది. అందుకని అందరికీ ఆమె లిఫ్టక్కే.

లిఫ్టు కదిలినప్పుడల్లా పైనున్న మోటారు బొంగురుగా మూలుగుతుంది. ఈమధ్య ఆ మూలుగు వింటే ఆమెకు ముసలాయన గుర్తొస్తున్నాడు.

ముసలాయన మనిషి కాదు, వాద్యం. దాని అసలు పేరేమిటో ఆమెకు తెలియదు. భర్త పోయిన దగ్గర్నుంచి ఆమె తమ్ముడింట్లో ఉంటోంది. టీవీ ముందు గదిలో ఉంటుంది, ఆమె సాయంత్రాలన్నీ వంటింట్లో గడుస్తాయి. ముందు గదిలో మూడు కుర్చీలు, ముగ్గురు మనుషులు. ఆమెను రావద్దని ఎవరూ అనలేదు. రమ్మని కూడా అనలేదు. మేనకోడలికి ఇష్టమని రోజూ ఒక సీరియల్ పెడతారు. అందులో మాటలు గోడ దాటేసరికి ముక్కలైపోతాయి, సంగీతం మాత్రం నిండుగా వస్తుంది.

చివర్లో పేర్లు పడేటప్పుడు వచ్చే పాట ఆమెకు ప్రాణం. పాటంటే అందులో మాటల్లేవు. ముందు ముసలాయన ఒక్కడే, ఎవరికీ చెప్పుకోలేని సంగతి ఏదో తనలో తను అనుకుంటున్నట్టు మొదలుపెడతాడు. సన్నటి తీగలు ఒక్కొక్కటే వచ్చి ఆయన పక్కన చేరతాయి. వాటికి ఆమె ఆడపిల్లలని పేరు పెట్టుకుంది. తర్వాత ఎక్కడో చాలా దూరంలో ఒకడు బూర ఊదుతాడు. ఆ తర్వాత డోలు. గట్టిగా కాదు, అర్ధరాత్రి ఇంటికొచ్చినవాడు మొహమాటంగా తలుపు తట్టినట్టు. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి మరదలు ఛానల్ మార్చేస్తుంది. పేర్లు ఎవరు చదువుతారు? తలుపు తట్టినవాడు తట్టినట్టే ఉండిపోతాడు. ఎవరు తీశారో, అసలు తీశారో లేదో తెలియకుండానే ఆమె అంట్లు తోముకుంటుంది.

గోడ అవతల మాటల్లో మాటిమాటికీ ఆమె చెవిన పడేది ‘ఓడ’ ఒక్కటే. ఓడను కాపాడాలి, ఓడ తలుపులు మూయండి, అంటూ ఉండేవారు. దాంతో ఆమె పాటంతా సముద్రం చేసుకుంది. ముసలాయన లోతు నీళ్ళు, ఆడపిల్లలు అలలు, బూర ఊదేవాడు ఎక్కడో ఒడ్డున నిలబడ్డాడు. ఒడ్డు చేరే ముక్క మాత్రం మరదలు కోసేసిన భాగంలో ఉండిపోయింది.

నిన్న ఆ సంగతి చెబితే మేనకోడలు కడుపు పట్టుకుని నవ్వింది.

“నీళ్ళ మీద ఓడ కాదత్తా. ఆకాశంలో పోయేది. చుక్కల మధ్య.”

“ఆకాశంలో ఓడేంటే, నీ మొహం. తెడ్లు దేనికేస్తారు?”

“తెడ్లుండవు. అందరూ లోపలే ఉంటారు. తలుపు తీస్తే చచ్చిపోతారు.”

“మరి ఒడ్డు?”

“ఒడ్డుండదుగా. దిగే చోటు కోసం వెతుక్కుంటూ పోతుంటారు, అంతే. రేపే ఆఖరి భాగం.”

ఆ రాత్రి పక్క మీద ఆమె చాలాసేపు అటూ ఇటూ దొర్లింది. ఒడ్డే లేకపోతే మరి ఆ తలుపు తట్టేవాడెవడు?

“పేర్లు పడేటప్పుడు మార్చొద్దని మీ అమ్మకి చెప్పవే” అని పొద్దున్నే మేనకోడల్ని బతిమాలింది.

“నువ్వే చెప్పత్తా. నా మాట మా అమ్మ ఎప్పుడు విన్నదని?”

ఆమె వెళ్ళి మరదలి పక్కన నిలబడింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

“ఏంటి వదినా, ఏమైనా అనబోయావా?”

“ఏం లేదమ్మాయ్. చక్కెర అయిపోయింది.”

“నిన్ననేగా డబ్బా నింపింది.”

“ఓహో, చూళ్ళేదు” అని చెప్పులేసుకుని వచ్చేసింది. ఇదిగో, పొద్దున్నుంచీ ఎక్కీ దిగీ, ఎక్కీ దిగీ తనను తను తిట్టుకుంటూనే ఉంది. సాయంత్రం మళ్ళీ ఆ డోలు దగ్గర తెగిపోతుంది. ఇంక రేపన్నది లేదు. మొత్తం వినకుండానే ఆ పాట తన జన్మలోంచి వెళ్ళిపోతుంది.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక మూడో అంతస్తు ప్లీడరుగారు ఒక్కరే ఎక్కారు. భారీ మనిషి. నాలుగో అంతస్తు దాటి ఐదోది అందకుండా లిఫ్టు ఒక్కసారి ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోయింది. ఎదురుగా సిమెంటు గోడ.

“ఏమైంది?”

“అలిగింది సార్. అప్పుడప్పుడూ అంతే.” ఆమె గంట నొక్కింది. పైనుంచి మెకానిక్కు కేక వినిపించింది, చేత్తో చక్రం తిప్పి పైకి లాగుతాననీ కంగారు పడొద్దనీ.

ప్లీడరుగారికి అప్పటికే చెమటలు కారుతున్నాయి. “మూసిన చోటు నాకు పడదమ్మా. గాలి ఆడట్లేదు. నువ్వు రోజంతా ఎలా ఉంటావిందులో?”

అలా అడిగిన మనిషి ఇంతవరకూ లేడు. ఆమె ఆలోచించింది. “తలుపు నా చేతిలోనే ఉంది కదా సార్ అనుకుంటాను” అంది చివరికి.

అప్పుడు ఆయన జేబులో ఫోను మోగింది. ముసలాయన గొంతుతో.

ఆమె స్టూలు మీంచి లేచి నిలబడింది. ఆడపిల్లలు వచ్చి చేరుతుండగానే ఆయన ఫోను ఎత్తి, “ఇరుక్కున్నానే, లిఫ్టులో. ఆఁ, బతికే ఉన్నాను” అని భార్యకు చెప్పి పెట్టేశారు.

“సార్, ఆ పాట...”

“మావాడు ఎక్కించాడీ గోల. మోగినప్పుడల్లా ఎవరో పోయారనిపిస్తుంది నాకు.”

“అది మొత్తం ఉందా సార్ అందులో?”

“ఉండే ఉంటుంది. ఏం?”

గ్రిల్లు కొక్కెం మీద చెయ్యేసి, గోడ వైపే చూస్తూ ఆమె అడిగింది. “ఒక్కసారి పెడతారా?”

ఆయన వింతగా చూసి, ఊపిరాడని బాధ మర్చిపోవడానికి ఏదో ఒకటి కావాలనుకున్నారేమో, వెతికి పెట్టారు.

ఆ ఇరుకు పెట్టెలో పాట ఎటూ పోయే దారి లేక నాలుగు గోడలకూ ఆనుకుని నిండింది. వంటింట్లో వినపడనివి ఎన్నో ఉన్నాయి. ముసలాయన ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. ఆడపిల్లల్లో ఒకతె మిగతావాళ్ళ కంటే కొంచెం ఆలస్యంగా, పరుగెత్తుకుంటూ వచ్చినట్టు వచ్చింది. బూర ఊదేవాడు అనుకున్నంత దూరంలో లేడు. పైన చక్రం తిరుగుతోంది, లిఫ్టు బెత్తెడు బెత్తెడు పైకి లేస్తోంది. గోడ అంచు కనిపించింది, తర్వాత వెలుతురు, తర్వాత చెప్పులేసుకున్న కాళ్ళు. ఐదో అంతస్తుకు సమానంగా లిఫ్టు నిలిచేసరికి డోలు మొదలైంది.

అప్పుడే మేనేజరు అవతల్నుంచి గ్రిల్లు తట్టాడు. “వచ్చేసింది. తియ్యి.”

ఆమె తీయలేదు.

“తియ్యమ్మా” అన్నారు ప్లీడరుగారు.

“ఒక్క నిమిషం సార్. పేర్లు పడుతున్నాయి.”

“ఏం పేర్లు? తలుపు తియ్యమంటుంటే!”

ఆమె కొక్కేన్ని గట్టిగా పట్టుకుంది. బయట మేనేజరు తడుతున్నాడు, పాటలో డోలు తడుతోంది. ఆమె ఎప్పుడూ దాటని చోటు అది. డోలు మరో నాలుగు దెబ్బలు తట్టి, ఇంక లాభం లేదనుకున్నట్టు ఆగిపోయింది. తలుపు ఎవరూ తీయలేదు. బూర వెళ్ళిపోయింది. ఆడపిల్లలు వచ్చినట్టే ఒక్కొక్కరుగా వెళ్ళిపోయారు, ఆలస్యంగా వచ్చినమ్మాయి అందరికంటే ఆఖరున. ముసలాయన ఒక్కడే మిగిలాడు. మొదట అన్న మాటే మళ్ళీ అన్నాడు, అయితే ఈసారి తనలో తను కాదు. తట్టేవాళ్ళ కోసం చూడకుండా తనంతట తనే తలుపు తీసుకుని, మెట్లు దిగి నడిచిపోతున్నట్టు. అడుగుల చప్పుడు సన్నబడి సన్నబడి ఆగింది.

ఫోను ఊరుకుంది. ఆమె కొక్కెం ఎత్తి గ్రిల్లు లాగింది.

ప్లీడరుగారు ఆమెను తోసినంత పని చేసి బయటపడి, గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకున్నారు. ఫిర్యాదు చేయబోయి, ఎందుకో ఆమె మొహం చూసి ఆగిపోయారు. మేనేజరు ఆగలేదు.

“తలుపు తీయడానికేగా నిన్ను పెట్టుకుంది?”

“అవును సార్.”

“మరి?”

మోటారు సర్దుకుందని పైనుంచి మెకానిక్కు అరిచాడు. “సరే సరే, కిందికి పోనీ. జనం నిలబడున్నారు” అని మేనేజరు వెనక్కి తిరిగాడు.

ఆమె లోపలే స్టూలు వైపు తిరిగింది. తర్వాత బయటికొచ్చి, గ్రిల్లు మూయకుండానే మెట్ల వైపు నడిచింది. ఇన్నేళ్ళలో ఆ మెట్లు ఎప్పుడూ తొక్కలేదేమో, ప్రతి మలుపు దగ్గరా ఆగి, కిటికీలోంచి వీధిని చూస్తూ దిగింది.

గేటు దగ్గర వాచ్‌మన్ అడిగాడు. “ఏంటక్కా, అప్పుడే?”

“ఇవాళ ఆఖరి భాగం. ముందు గదిలో కూర్చోవాలి.”

“ఎక్కడా?”

“మా ఇంట్లోనే” అని ఆమె రోడ్డు దాటింది.

మర్నాడు ఆమె రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

ఆమె వెళ్ళిపోయిన ఆవేళ మాత్రం కింద జనం గంట మీద గంట కొట్టి, విసిగి, చివరికి ఆయాసపడుతూ ఐదో అంతస్తు దాకా ఎక్కి వచ్చారు. లిఫ్టు తలుపు బార్లా తీసి ఉంది. లోపల స్టూలు మీద శుభ్రంగా మడత పెట్టిన నీలం కోటు, జేబు పైకి వచ్చేలా. ఎర్ర దారంతో కుట్టిన ఆ పేరును ఒకరి భుజం మీంచి ఒకరు తొంగి చూసి, కూడబలుక్కుని చదువుకున్నారు.